గ్లూటెన్ లేని కుకీలకు ఇంటి పిండి మర: వాడి చూసి రాస్తున్నా

మా ఇంట్లో కుకీల కోసం ఓవెన్ కంటే ముందు పిండి మర కొన్నాం. మర మీద అంత డబ్బు పెట్టడం అవసరమా అని బంధువుల్లో చాలామంది అడిగారు. మా పాపకు సీలియాక్ అనే, గోధుమ పడని జబ్బు ఉంది. అలాంటి పిల్లలున్న ఇంటికి ఇది అవసరమేనని నా సమాధానం. ఎందుకు అవసరమో, ఏ పనిలో ఈ మర బాగుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో వివరంగా రాస్తాను. కర్నూల్లో నాకు మోటార్ల రివైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు రోజూ విప్పుతుంటాను కాబట్టి మర లోపలి సంగతి కూడా కాస్త చెప్పగలను.

నేను రాస్తున్నది 1 హెచ్‌పీ మోటారుతో ఇంట్లో వాడుకునే పిండి మర గురించి. నడుము ఎత్తున్న చెక్క క్యాబినెట్‌లా ఉంటుంది. పైన గింజలు పోసే తొట్టి. మధ్యలో తలుపున్న గది, అందులో గిర్రున తిరిగే స్టీలు సుత్తులు, వాటి చుట్టూ జల్లెడ. కింద పిండి పడే స్టీలు డబ్బా. జల్లెడను షాపుల్లో జాలీ అంటారు. సన్నవి, ముతకవి కలిపి కొన్ని జాలీలు మరతోపాటే వస్తాయి. నాకు 18,500 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. గుజరాత్ నుంచి వచ్చే ఈ తరహా మరలు లోపల చాలావరకు ఒకే పద్ధతిలో ఉంటాయి. కింద చెప్పేవి వాటిలో ఏది కొన్నా మీకు పనికొస్తాయి.

ముందు జబ్బు సంగతి చెప్పాలి, లేకపోతే మర ఎందుకో అర్థం కాదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీను గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్ళు దాన్ని తింటే శరీరం తన చిన్నపేగు మీద తానే దాడి చేసుకుంటుంది. పేగు లోపల నూగులాగా ఉండే పొర అణగారిపోయి, తిన్నదాంట్లో ఐరన్, కాల్షియం లాంటివి ఒంటికి పట్టవు. మా పాపకు ఎన్ని ఐరన్ సిరప్‌లు పట్టినా రక్తం పెరగలేదు. తోటి పిల్లలు ఎదుగుతుంటే తను మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి టీటీజీ అనే రక్తపరీక్ష చేసి, ఆ తర్వాత ఎండోస్కోపీలో పేగు నుంచి చిన్న ముక్క తీసి చూశాక తేలింది. దీనికి మందు లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానేయడమే వైద్యం. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టినవాడు విలెం డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. ఆయనకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తిండికి కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు ఉన్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే పడిపోవడం ఆ అనుమానాన్ని గట్టిపరిచాయి. ఇది చదివిన రోజు నాకు చాలా ధైర్యమొచ్చింది. గోధుమ పూర్తిగా ఆపితే పాప కోలుకుంటుందన్న నమ్మకం కలిగింది.

పూర్తిగా ఆపడమే కష్టం. మన దేశంలో ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. గోధుమపిండిలో సుమారు పదో వంతు గ్లూటెనే అనుకోవచ్చు. అంటే ఒక్క గ్రాము గోధుమపిండిలో దాదాపు 80 నుంచి 100 మిల్లీగ్రాములు. ఆ ఒక్క గ్రాము కిలో జొన్నపిండిలో కలిస్తే హద్దు నాలుగైదు రెట్లు దాటినట్టే. ఇక వీధి చివరి మరకు వెళ్ళి చూడండి. మనకంటే ముందు ఎవరో పది కిలోల గోధుమలు పట్టించుకుని ఉంటారు. రాళ్ళ గాళ్ళలో, గొట్టంలో, గుడ్డ సంచిలో మిగిలే పిండి ఒక గ్రాముతో సరిపోదు. మరాయన మంచివాడు, చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. "నీ జొన్నలు పొద్దున్నే మొదట వేస్తాలే, తుడిచి పెడతా" అన్నాడు. కానీ ఆ రాళ్ళ గరుకులో ఇరుక్కున్న పిండి తుడిస్తే పోదు. అది ఆయన తప్పూ కాదు.

అన్నం, కూరల విషయంలో మాకు పెద్ద టెన్షన్ లేదు. కర్నూలోళ్ళం, జొన్నరొట్టె మా ఇంట్లో రోజూ ఉండేదే. రాగి సంగటి, కొర్రన్నం, ఇడ్లీ, దోసె అన్నీ పాపకు పనికొచ్చేవే. గోధుమపిండి కలిపిన ఇంగువ డబ్బా ఒక్కటి వంటింట్లోంచి తీసేశాం. కొనే ముందు దాని మీద చిన్న అక్షరాలు చదవండి, చాలా కంపెనీల ఇంగువలో గోధుమపిండి ఉంటుంది. పాప బెంగల్లా బిస్కెట్ల మీదే. ఇంటర్‌వెల్‌లో పిల్లలు డబ్బాలు తెరిచి ఒకరివి ఒకరు తింటారు. బేకరీలో ఏది చూసినా మైదా. ఉస్మానియా బిస్కెట్ దగ్గర నుంచి దిల్‌పసంద్ దాకా పాప ముట్టుకునేది ఒక్కటీ లేదు. అందుకే కుకీలు ఇంట్లోనే చేయాలనుకున్నాం. కుకీకి పిండి కావాలి, గింజలు నమ్మకంగా పట్టించుకునే చోటు లేదు. మర కొన్న కారణం ఇదీ.

కొనేటప్పుడు నేను గట్టిగా పట్టుబట్టింది డెమో దగ్గర. షాపులో మర బాగా ఆడుతుందని చూపించడానికి గోధుమలే పోస్తారు. మేం వెళ్ళిన ఒక షాపతను డెమో పీసునే కాస్త తక్కువ ధరకు ఇస్తానన్నాడు. వద్దని చెప్పి సీలు తీయని పెట్టె తెప్పించుకున్నాను. సెకండ్ హ్యాండ్ మర సీలియాక్ ఇంటికి అసలు పనికిరాదు, ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. ఫ్యాక్టరీలో ఏ గింజతో పరీక్షించి పంపారో తెలియదు కాబట్టి, ఇంటికి వచ్చాక రెండు కిలోల రేషన్ బియ్యం ఆడించి, ఆ పిండిని గేదెలున్నవాళ్ళకు ఇచ్చేశాం. తర్వాత జాలీ, సుత్తులు, గది గోడలు, తలుపు రబ్బరు బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి అప్పుడు పాప కోసం మొదటి వాయి ఆడించాం. రాళ్ళ మరలు కూడా ఇంటి సైజులో దొరుకుతాయి, రొట్టె పిండి వాటిలో చక్కగా వస్తుంది. నేను మాత్రం సుత్తుల రకమే తీసుకున్నాను, స్టీలును కడిగినట్టు తుడవొచ్చు కాబట్టి.

మోటారు గురించి నాలుగు మాటలు. బిల్లు మీద కాపర్ వైండింగ్ అని రాయించుకోండి. నోటితో అందరూ కాపరే అంటారు, నా షాపుకు వచ్చే కాలిన మోటార్లలో అల్యూమినియం తీగ చుట్టినవి ఎన్నో. నేను మా మర టెర్మినల్ దగ్గర తీగ మీది ఎనామిల్ కొంచెం గీకి చూశాను, ఎర్రగా రాగే కనిపించింది. మీరు అలా చేయకండి, వారంటీ పోతుంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. స్టార్ట్ అయ్యే క్షణంలో కరెంటు దానికి కొన్ని రెట్లు లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగ్గ మందం వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపడం వద్దే వద్దు. ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ బాగా పడిపోతుంది. వోల్టేజీ పడితే ఇలాంటి మోటారు అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. అందుకే మేం పొద్దున్నే ఆడిస్తాం. కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. గంటసేపు ఆపకుండా నడిపినా సుమారు ఒక యూనిట్, అంతే, మనకు పట్టేది పావుగంటో ఇరవై నిమిషాలో.

ఇక అసలు పని. మా ఇంట్లో ఎక్కువగా చేసేవి తెల్లజొన్న కుకీలు. జొన్నలు సి.క్యాంపు రైతుబజార్ దగ్గర కొంటాం. గింజల షాపుల్లో గోధుమల బస్తా, జొన్నల బస్తా పక్కపక్కనే ఉంటాయి, ఒకే గిన్నెతో తోడతారు. అందుకని ఇంటికి రాగానే మా అమ్మ చేటలో చెరిగి, స్టీలు పళ్ళెంలో పలచగా పరిచి ఏరుతుంది. జొన్న గుండ్రంగా తెల్లగా ఉంటుంది, గోధుమ పొడుగ్గా నడుమ గీతతో ఉంటుంది, ఒక్క గింజ ఉన్నా కంటికి దొరికిపోతుంది. ఆ తర్వాత రెండు మూడు నీళ్ళు కడిగి మేడ మీద ఉతికిన పంచె పరిచి ఆరబోస్తాం. ఏప్రిల్ ఎండకైతే ఒక్క పూటలో గలగలలాడతాయి. వానాకాలంలో రెండ్రోజులు పట్టినా ఆగాల్సిందే. గింజలో తడి ఉంటే పిండి జాలీ కన్నాలకు అతుక్కుని మర మూలుగుతుంది.

అన్నిటికంటే సన్న జాలీ బిగించి, తొట్టి కింద పలక కొంచెమే తెరిచి వదలాలి. ఒక్కసారిగా తెరిస్తే సుత్తుల మీద బరువు పడి శబ్దం బొంగురుపోతుంది. సరిగ్గా దిగుతుంటే ఒకే స్థాయిలో హోరు వినిపిస్తుంది. గింజ అయిపోగానే అది సన్నగా పైకి లేస్తుంది, అప్పుడు ఇంకో నిమిషం ఆగి ఆపాలి. డబ్బా తీసి పిండిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్ది చూడండి. వేలికి ఇసుకలా తగిలితే కుకీలో నాలుకకూ అలాగే తగులుతుంది. మేం కుకీలకు రెండోసారి కూడా అదే జాలీలో ఆడిస్తాం. రెండోసారి వచ్చే పిండి పౌడరులా ఉంటుంది. రొట్టెకు ఇంత అక్కర్లేదు కానీ కుకీ తీరే మారిపోతుంది.

పిండి డబ్బాలోంచి తీసేటప్పుడు చేతికి వెచ్చగా తగులుతుంది. రొట్టెకు అయితే ఇబ్బంది లేదు, వెన్న కలిపే కుకీకి మాత్రం ఇది పెద్ద సంగతి. వెచ్చటి పిండి పడితే వెన్న కరిగి, ట్రేలో ముద్దలన్నీ పరుచుకుని ఒక్కటైపోతాయి. పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే కలపాలి. ముందురోజు ఆడించి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా మేలు.

మా ఆవిడ చేసే కొలత ఇది. 100 గ్రాముల జొన్నపిండి, 50 గ్రాముల బియ్యప్పిండి, 50 గ్రాముల బాదం పొడి, 100 గ్రాముల వెన్న, 80 గ్రాముల బెల్లం పొడి, ఒక గుడ్డు, అర టీస్పూను బేకింగ్ పౌడరు, ఒక టీస్పూను ఇసబ్గోల్, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు. వెన్న, బెల్లం తెల్లబడేదాకా గిలకొట్టి గుడ్డు వేసి, మిగతావన్నీ కలిపి, ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెడుతుంది. గుడ్డు తినని ఇంట్లో మూడు స్పూన్ల పాలు సరిపోతాయి, కుకీ కొంచెం గట్టిగా వస్తుంది అంతే. ఇసబ్గోల్ మందుల షాపులో దొరికేదే. గ్లూటెన్ చేసే జిగురు పని కొంతవరకు అది చేస్తుంది, నీళ్ళను పట్టి ఉంచి ముద్ద విరిగిపోకుండా చూస్తుంది. ఆ అరగంట మాత్రం ఎగ్గొట్టకండి. జొన్న, బియ్యం పిండ్లు తడిని నెమ్మదిగా పీలుస్తాయి. నాననివ్వకుండా కాల్చితే పిండి ఎంత సన్నగా ఉన్నా నోట్లో పలుకు తగులుతుంది.

ఓవెన్ 170 డిగ్రీలకు వేడయ్యాక 15 నిమిషాలు. అంచులు బంగారు రంగుకు తిరిగి, నడుమ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. తీసిన వెంటనే ఎత్తితే చేతిలో పొడైపోతుంది, పట్టి ఉంచే గ్లూటెన్ లేదు కదా. ట్రేలోనే పది నిమిషాలు వదిలేస్తే వెన్న మళ్ళీ గట్టిపడి తనంతట తనే ఊడొస్తుంది. అసలు గ్లూటెన్ లేకుండా చేసేవాటిలో కుకీయే తేలిక. బ్రెడ్ పొంగాలంటే గ్లూటెన్ సాగాలి. కుకీ కరకరలాడాలి, విరగాలి, మైదాతో చేసేటప్పుడు కూడా గ్లూటెన్ సాగకుండా తక్కువగా కలపమనే చెప్తారు. బేకింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు ధైర్యంగా ఇక్కడ మొదలుపెట్టొచ్చు. ట్రే, జల్లెడ, గరిటె మాత్రం పాపకు వేరుగా ఉంచండి.

ఈ మర డబ్బు నాకు నిజంగా తీరింది సజ్జ కుకీల దగ్గర. షాపులో ప్యాకెట్ సజ్జపిండి తెచ్చి చేస్తే తిన్నాక నాలుక మీద చేదు మిగులుతుంది. సజ్జలో కొవ్వు చాలా ధాన్యాలకంటే ఎక్కువ. గింజగా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. పిండి చేయగానే ఆ కొవ్వు, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకచోట కలుస్తాయి, కొన్ని రోజుల్లోనే పిండి చేదెక్కడం మొదలవుతుంది. ఎంత మంచి కంపెనీ ప్యాకెట్ అయినా షాపు అరలో కొన్ని వారాలు ఉండక తప్పదు. పొద్దున ఆడించి మధ్యాహ్నం కాల్చిన సజ్జ కుకీలో ఆ చేదు మచ్చుకైనా లేదు. 150 గ్రాముల సజ్జపిండి, 50 గ్రాముల బియ్యప్పిండి, 90 గ్రాముల నెయ్యి, 90 గ్రాముల బెల్లం పొడి, ముద్ద కట్టడానికి కాసిని పాలు, పైన నువ్వులు. ఓవెన్ తలుపు తీయగానే ఇల్లంతా సంక్రాంతి సజ్జ బూరెల వాసన వచ్చింది. మా అమ్మ పక్కగదిలోంచి లేచి వచ్చి, "ఏంటే కోడలా, బూరెలు వండుతున్నావా?" అంది. పాప ఇప్పుడు స్కూలుకు అడిగి పట్టుకెళ్ళేది ఇవే. మిగతా పిల్లలు కూడా తన డబ్బాలోంచి తీసుకుంటున్నారట. మా ఆవిడ నాలుగు ఎక్కువే పెడుతోంది.

రాగి కుకీలు మొదటి నుంచే నల్లగా ఉంటాయి కాబట్టి రంగు చూసి కాలిందని చెప్పలేం, వాసన, అంచుల గట్టిదనం పట్టుకోవాలి. కొర్రలు మా జిల్లా పక్కన నంద్యాల నుంచి వస్తాయి, పిండి లేత పసుపు రంగులో అందంగా వస్తుంది గానీ కుకీ ఊరికే పొడైపోతుంది. సగానికి సగం బియ్యప్పిండి కలిపితేనే నిలబడింది. మర రెండింటినీ ఇబ్బంది లేకుండా ఆడింది.

ఈ మర చేయలేని పనులూ చెప్పాలి. బాదం, వేరుశనగ, నువ్వులు, అవిసెలు ఇందులో పోయకూడదు. నూనె బయటికొచ్చి జాలీ పూడుకుపోతుంది. వాటిని మిక్సీలోనే ఆపి ఆపి తిప్పుకోవాలి. అరిసెలకు కావాల్సిన తడి బియ్యప్పిండి కూడా ఇందులో రాదు. మైదా కుకీలోని ఆ తెల్లటి, నోట్లో కరిగే తీరు కావాలంటే కార్న్‌ఫ్లోరో సగ్గుబియ్యం పిండో కొంత కలపాలి, గింజలు ఎంత సన్నగా ఆడించినా ఆ గుణం రాదు. శబ్దం ఎక్కువ, ఆడేంతసేపూ పక్క గదిలో కూడా ఫోన్ మాట్లాడలేం. అపార్ట్‌మెంట్‌లో తెల్లవారుజామున వేస్తే పక్కవాళ్ళు తలుపు కొడతారు. పిండి ధూళి మరో సమస్య. డబ్బాకు ఉన్న గుడ్డ సరిగ్గా బిగించకపోతే సన్నటి పొగలా గాల్లోకి లేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళున్న ఇంట్లో తలుపులు తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆడించాలి. మాది వెనక వరండాలో ఉంది.

అన్నిటికంటే విసిగించింది తలుపు స్విచ్. తలుపు తెరిచి ఉంటే మోటారు తిరగకుండా ఆపే చిన్న స్విచ్ అది, పిల్లలున్న ఇంట్లో తప్పనిసరిగా ఉండాలి. మాది కొన్నాళ్ళకే తలుపు వేసినా పట్టడం మానేసింది. సర్వీసుకు ఫోన్ చేస్తే రేపు మాపు అన్నారు, ఎవరూ రాలేదు. నేను మెకానిక్‌ను కాబట్టి అదే రేటింగు స్విచ్ తెచ్చి మార్చుకున్నాను. ఆ పని తెలియనివాళ్ళు స్విచ్‌ను తప్పించి నేరుగా వైర్లు కలిపించుకుంటారేమోనని నా భయం. దయచేసి ఆ పని చేయొద్దు. లోపల సుత్తులు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి. కొనే ముందు మీ ఊళ్ళోనే సర్వీసు మనిషి ఉన్నాడా లేదా అన్నది ధర కంటే ముందు అడగండి. బేరింగులు, కెపాసిటరు మామూలు సైజులవే, ఏ మోటారు షాపులోనైనా దొరుకుతాయి.

ఇంకో ఇబ్బంది మర వల్ల వచ్చింది కాదు, ఇంట్లోవాళ్ళ వల్ల వచ్చేది. మా అమ్మ ఒకరోజు, "ఇంత డబ్బు పోసి తెచ్చినావు గదరా, రెండు కేజీల గోధుమలు పోసుకుంటే ఏమైతది? తర్వాత తుడిస్తే సరిపోదా?" అంది. "అమ్మా, ఒక్కసారి పోసినా ఇది ఇక పాప మర కాదు" అన్నాను. 20 మిల్లీగ్రాముల లెక్క ఆమెకు అర్థమయ్యేలా ఉప్పు కణికలతో చూపించాను. 20 మిల్లీగ్రాములంటే ఉప్పు చిటికెడులో చిన్న భాగం. అప్పటి నుంచి గింజలు ఏరే బాధ్యత ఆమే తీసుకుంది, ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా మర దగ్గరికి పోతే ఆమే అడ్డుపడుతోంది. ఇంట్లో అందరూ ఒప్పుకోకపోతే మాత్రం ఈ మర కొనకండి. ఎవరూ లేనప్పుడు ఒక్కరు గోధుమలు పోసినా పెట్టిన డబ్బు వృథా, పాపకు కడుపునొప్పి.

రెడీమేడ్ గ్లూటెన్ ఫ్రీ పిండి ప్యాకెట్ల మాటేమిటంటారా? వాటిని తీసిపారేయను. బియ్యప్పిండి, టాపియోకా (కర్రపెండలం) స్టార్చ్, జిగురు కోసం వేసే జాంథన్ గమ్ కలిపిన మిశ్రమంతో కుకీలు ప్రతిసారీ ఒకేలా వస్తాయి. పైగా ప్యాకెట్ మీద ఆ మాట వేశారంటే 20 మిల్లీగ్రాముల హద్దుకు వాళ్ళు జవాబుదారులు. మన ఇంటి పిండికి అలాంటి పరీక్ష ఉండదు, మన శుభ్రతే పూచీ. జబ్బు కొత్తగా బయటపడి పేగు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో ప్యాకెట్ పిండే వాడమని నా సలహా. మేమూ మొదట్లో అదే వాడాం. కానీ మేం కొన్నది కిలో 300 రూపాయల పైమాటే, రుచి చప్పగా ఉంటుంది, దాదాపు అంతా స్టార్చే. మేం కొన్నప్పుడు జొన్నలు కిలో 60 రూపాయల లోపే వచ్చాయి. వారం వారం కుకీలు చేసే ఇంట్లో, జొన్నరొట్టెకూ ఇదే పిండి వాడే ఇంట్లో మర డబ్బు తిరిగొస్తుంది. నెలకోసారి పుట్టినరోజుకో పండక్కో చేసేవాళ్ళకు ప్యాకెట్ చాలు. బరువు తగ్గడానికో ఫ్యాషన్‌గానో గోధుమ మానేసినవాళ్ళకు వీధి మర పిండితో నష్టమేమీ లేదు, వాళ్ళు ఈ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

పాపకు తర్వాత చేయించిన టీటీజీ పరీక్షలో అంకె బాగా దిగింది. డాక్టరు గారు తిండి ఇలాగే కొనసాగించమన్నారు. దీన్ని మర గొప్పతనమని నేను చెప్పను, ఇంట్లో ఇంగువ డబ్బా దగ్గర నుంచి అన్నీ మార్చాం. కానీ బిస్కెట్ కోసం పాప ఏడవడం ఆగింది మాత్రం ఈ మర వచ్చాకే.

కొనాలనుకునేవాళ్ళకు చివరిగా ఒక్క మాట. అన్నిటికంటే సన్న జాలీ ఇంకోటి అదనంగా మరతోపాటే తీసుకోండి. కుకీలకు రెండుసార్లు ఆడిస్తాం కాబట్టి ముందు అరిగేది, చిరిగేది అదే. గింజల్లో చిన్న రాయి వెళ్ళినా మొదట దెబ్బ దానికే. తర్వాత తెప్పించుకుందామంటే మీ మోడలుకు సరిపోయే సైజు వెంటనే దొరక్కపోవచ్చు. తొట్టిలో అయస్కాంతం ఉన్న మోడల్ అయితే ఇంకా మంచిది, బస్తాలోంచి వచ్చే చిన్న చిన్న ఇనుప ముక్కలను అది పైనే పట్టేస్తుంది. మా మరకు లేదు, పాత స్పీకరు మాగ్నెట్‌ను శుభ్రం చేసి స్టీలు గిన్నెలో బిగించి పెట్టాను, బాగానే పనిచేస్తోంది.